వెనక్కి తీసుకోని వాక్యం

ఈ మధ్య బళ్ళారిలో సంస్థానం కచేరీలో నాతో పనిచేసిన పాత స్నేహితులు కొందరు కలిసి, సంస్థానాల కాలం గురించి ఒక సంచిక వేయాలనుకున్నారు. నన్ను దసరా దర్బారు గురించి, వేటల గురించి, రాజావారి మోటారు కార్ల గురించి రాయమన్నారు.

"కంప్లి అయ్యవారి సంగతి మటుకు వద్దులేప్పా. అయిపోయిందేదో అయిపోయింది. ఊరికే ఇప్పుడెందుకు కెలికేది?" అన్నాడు వాళ్లలో ఒకాయన.

ఆ సంగతి లేకుండా నేను రాయదగ్గది ఏమీ లేదని చెప్పి లేచి వచ్చేశాను. కాబట్టి ఇది ఆ సంచికలో రాదు.

మా అన్న మనవరాలు సరోజ ఢిల్లీలో విదేశాంగ శాఖలో ఉద్యోగానికి పోతోంది. పోయే ముందు చూసిపోవడానికి వచ్చి, "నీవు కూడా ఇదే పనేగదా తాతా చేసింది? రాజు పక్కన నిలబడి ఏం చేస్తాంటివి?" అని నవ్వుతూ అడిగింది. నవ్వడంలో తప్పులేదు. రాజులు పోయారు, నా ఉద్యోగం పేరు కూడా ఎవరికీ గుర్తులేదు. కానీ తలకాయ ఊపడమే నా పని అనుకుని పోతే మాత్రం ఊరుకోను. ఆమెకూ, ఆమె వెంట ఆ మేజాల ముందు కూర్చోబోయేవాళ్లకూ ఇది రాస్తున్నాను.

ఆ పని ఎట్లుండేదంటే

మాది హొన్నగుడ్డ సంస్థానం. పటం మీద వేలు పెడితే వేలి కింద కనబడకుండా పోయేది. చుట్టూ బ్రిటిషువాళ్ల బళ్ళారి జిల్లా. మధ్యలో మా ఎర్ర కొండలు, ఆ కొండల్లో మ్యాంగనీసు. నేను రాజావారి హుజూరు సెక్రటరీని. రాజావారికి సలహా చెప్పడం, ఆయన పేరుతో ఉత్తరాలు రాయడం, బ్రిటిషు ఏజెంటు వచ్చినప్పుడు ఎదురుగా కూర్చుని మాట్లాడటం నా పని. మా రాజావారు పక్క సంస్థానం రాజుకు కూడా సొంతంగా ఉత్తరం రాయకూడదు. అంతా ఏజెంటు చేతిమీదుగానే పోవాలి. లోకంలో రాయబారులు పది దేశాలతో వ్యవహారం నడుపుతారు. నేను ఒకే మనిషితో నడిపాను, ఎనిమిదేళ్లు.

ఆ మనిషి భాష నేర్చుకోవడానికే నాకు మూడేళ్లు పట్టింది. ఇంగ్లీషు నాకు ముందే వచ్చు, నేను చెప్పేది అది కాదు. "మీ అభిప్రాయం తెలుసుకోగోరుతున్నాము" అని రాస్తే రేపటిలోగా ఒప్పుకోమని అర్థం. "కొంత ఆశ్చర్యం కలిగింది" అంటే మండిపడుతున్నాడని. "ఈ విషయాన్ని ఇంతటితో వదిలేద్దాము" అంటే వాళ్లకు చెప్పడానికి ఏమీ మిగల్లేదని. ఈ చివరిది నా ఉద్యోగంలో రెండుసార్లే చూశాను.

యుద్ధానికి రెండేళ్ల ముందునుంచే ఉత్తరాల ధోరణి మారింది. అంతకుముందు మా కొండల ఊసెత్తనివాళ్లు ఇప్పుడు ప్రతి ఉత్తరంలోనూ మ్యాంగనీసు గురించి అడిగేవాళ్లు. అది లేకుండా గట్టి ఉక్కు రాదు, గట్టి ఉక్కు లేకుండా ఫిరంగి రాదు. యూరపులో ఏం జరగబోతున్నదో పత్రికలకన్నా ముందు మాకు ఆ ఉత్తరాలే చెప్పాయి. ఒకనాడు, యుద్ధమే వస్తే సంస్థానంలోని సమస్త వనరులూ చక్రవర్తిగారి సేవకు సమర్పిస్తామని రాజావారు సంతకం పెట్టవలసిన కాగితం వచ్చింది. అచ్చువేసి పంపారు. ఖాళీలో పేరు రాస్తే చాలు.

నేను దాన్ని మళ్లీ చేతితో రాయించాను. రాయించేటప్పుడు మూడు మాటలు కలిపాను: ఒప్పందాల్లో ఉన్నంత మేరకు. వాళ్లు ఆ మూడు మాటల్ని పట్టించుకోలేదు. తరువాత, యుద్ధం ఇంకా రాకముందే, ఆ కాగితం చూపించి కొండకింది ఊళ్లవాళ్లను పట్టుకొచ్చి ఖనిజం వెట్టికి ఎత్తించమన్నప్పుడు, ఒప్పందాల్లో ఎక్కడుందో చూపించమని అడిగాము. చూపించలేకపోయారు. "విషయాన్ని ఇంతటితో వదిలేద్దాము" అని రాశారు. ఇది మొదటిసారి.

దీనికి ఇప్పటికీ నన్ను మెచ్చుకునేవాళ్లున్నారు. మెచ్చుకోండి, వద్దనను. కానీ అక్కడ ఒక మాట కలిపితే ఒక ఊరు బతుకుతుందని నాకు ముందునుంచీ తెలిసినది కాదు. ఒక మాట కలపకపోవడం వల్ల ఒక మనిషి పాడైపోయిన తరువాత తెలిసింది.

లింగప్ప అయ్యవారు

అది నేను ఉద్యోగంలో చేరిన నాలుగో నెల. కంప్లిలో లింగప్ప అని ఒక బడిపంతులు ఉండేవాడు. కంప్లి బ్రిటిషువాళ్లది. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఆయన ఏటి ఒడ్డున నాలుగు సభల్లో మాట్లాడాడు. పోలీసులు వెతుకుతుంటే మా సంస్థానంలో ఉన్న భార్య పుట్టింటికి వచ్చాడు. బళ్ళారినుంచి ఒక పోలీసు అధికారి నాకు ఉత్తరం రాశాడు. వారంటు లేదు, నేరం ఏమిటో లేదు. మర్యాదపూర్వకంగా సహకరించగలరని ఉంది, అంతే.

దివానుగారు జ్వరంతో ఇంట్లో ఉన్నారు. ఆయన్ను అడగలేదు. అప్పటి రాజావారిని అడగలేదు. ఆ పూటే జవాబు రాశాను. "సహకరించడం మాకు సంతోషం" అని రాశాను. ఇంగ్లీషులో ఆ వాక్యం చాలా బాగా కుదిరిందనుకున్నాను కూడా. మర్నాడు మా జవాన్లు లింగప్పను మామగారి కల్లంలో పట్టుకుని, సరిహద్దు చౌకీ దగ్గర అప్పగించారు. వారం తిరక్కముందే ఏజెంటు కచేరీనుంచి నా చురుకుదనాన్ని మెచ్చుకుంటూ ఉత్తరం వచ్చింది. దాన్ని ఇంటికి తీసుకుపోయి నా భార్యకు చదివి వినిపించాను.

ఆరు నెలల తరువాత ఒక ఆడమనిషి కచేరీ మెట్ల మీద కూర్చుని ఉంది. పొద్దున్నుంచీ కూర్చుందట. లోపలికి పిలిపించాను. ఆమె లింగప్ప భార్య హనుమక్క.

"నా మొగుణ్ణి పంపిస్తా ఒక కాయితం రాస్తివంట గదప్పా. అది నాకు చూపిచ్చు" అంది.

"నీకు చదువొచ్చా అమ్మా?"

"రాదు. చదివిచ్చు. వింటా."

గుమాస్తాను పిలిచి ఆ నకలు తీయించాను. తీయించకుండా ఉండటానికి నాకు అధికారం ఉంది, మొహం లేదు. గుమాస్తా ఒక్కొక్క వాక్యం చదివి తెలుగులో చెప్పాడు. మొత్తం నాలుగు వాక్యాలు. ఆమె కళ్లు నా మీదనుంచి తీయలేదు.

"ఎందుకు కావాల అని అడగలేదా?"

"లేదు."

"కొట్టగాకండి అని రాయలేదా?"

"లేదు."

"సంతోషం అని మటుకు రాస్తివి." ఆమె లేచింది. "స్టేషన్లో ఆయప్ప కుడిచెయ్యి వేళ్లు ఇరగ్గొట్టినారు. సుద్దముక్క పట్టుకునేకి రాదు. బడి పోయింది. నీవు కొట్టలేదులే. నీవు దావ చూపిచ్చినావు."

ఆమె కేకలు వేయలేదు, శాపనార్థాలు పెట్టలేదు. అట్లా చేసివుంటే నాకు కొంత తేలిగ్గా ఉండేదేమో. తరువాత దివానుగారితో చెబితే, "కొత్తవాడివి, జరుగుతుంటాయి. మనసులో పెట్టుకోవద్దు" అన్నారు. ఆయన మంచివాడే, నాకు పని నేర్పినవాడు. అయినా ఆ సలహా చెడ్డ సలహా. మనసులో పెట్టుకున్నాను. పెట్టుకోబట్టే తరువాత పనికొచ్చాను.

తిమ్మప్ప

యుద్ధం రావడానికి ఇంకా ఏడాది ఉందనగా తిమ్మప్ప వచ్చాడు. గనుల్లో మేస్త్రీ, కన్నడంవాడు, మనిషి పొట్టి, గొంతు పెద్దది. బళ్ళారిలో ఒక సభలో నిలబడి, వాళ్ల యుద్ధానికి మన కొండలు ఎందుకివ్వాలని అడిగాడు. రెండో రోజు మా సరిహద్దు దాటి వచ్చి, దాక్కోకుండా, నేరుగా నా కచేరీకే వచ్చాడు.

"నన్ను పట్టిస్తారా సామీ? పట్టిచ్చేటట్టయితే ఇప్పుడే చెప్పండి. ఇంకో దిక్కు చూసుకుంటా" అన్నాడు కన్నడంలో.

"కాగితం వస్తే చూస్తాం. అందాకా పనిచేసుకో" అన్నాను.

కాగితం వారానికే వచ్చింది. పాత ఉత్తరమే, పేరు మాత్రం వేరే. మర్యాదపూర్వకంగా సహకరించగలరు. దాని వెనకే ఏజెంటు కూడా వచ్చాడు. వచ్చింది వేరే పనిమీద అన్నట్టుగా వచ్చాడు. రాజావారు గద్దె ఎక్కి ఆరేళ్లయినా పూర్తి అధికారాలు ఇంకా చేతికి రాలేదు. పెద్ద ఉద్యోగుల నియామకం, పెద్ద శిక్షల ఖరారు, అన్నీ ఏజెంటు అనుమతి మీదనే. ఆయన సిఫారసు చేస్తే అధికారాలు వస్తాయి. ఆ సిఫారసు చేసే ఉద్దేశంతోనే వచ్చానని చెప్పాడు. టీ తాగుతూ, ఇంకేదో గుర్తొచ్చినట్టు తిమ్మప్ప ఊసెత్తాడు.

"తప్పకుండా అప్పగిస్తాము. వారంటు పంపండి. నేరం ఏమిటో రాయండి. సాక్ష్యం మా న్యాయాధికారి ముందు పెట్టండి. మన ఒప్పందంలో ఉన్న పద్ధతి అదే" అన్నాను.

"ఇంతకుముందు మీరు ఇవన్నీ అడగలేదు" అన్నాడు ఏజెంటు. కంప్లి పంతులు కేసు ఆయన చదివే వచ్చాడు.

"ఇంతకుముందు నేను తప్పు చేశాను."

ఆయన కప్పు కింద పెట్టాడు. అధికారంలో ఉన్నవాళ్లు అబద్ధానికి, పొగడ్తకు, బతిమాలడానికి సిద్ధంగా ఉంటారు. ఈ మాటకు ఆయన సిద్ధంగా లేడు. నేను అక్కడితో ఆగలేదు. ఆ సాయంత్రం పంపిన రాతపూర్వక జవాబులో అదే వాక్యం పెట్టాను: కంప్లి ఉపాధ్యాయుడు లింగప్పను వారంటు లేకుండా అప్పగించడం ఈ కచేరీ చేసిన తప్పు, దాన్ని ఇకమీద ఆనవాయితీగా చూపకూడదు. రాజావారికి చూపించే పంపాను. ఆయన చదివి, "ఉండనివ్వండి" అన్నారు. దాని బరువు ఎంతో ఆయనకప్పుడు తెలియదు. నాకు తెలుసు. అది కూడా ఒప్పుకుంటాను.

నాలుగు రోజులకు ఏజెంటు నన్ను బళ్ళారి బంగళాకు పిలిపించాడు. ఈసారి చుట్టుతిప్పి మాట్లాడలేదు. తిమ్మప్పను వదిలేస్తాము, మీ దగ్గరే ఉంచుకోండి. రాజావారి అధికారాలకు సిఫారసు చేస్తాను. ఆ ఒక్క వాక్యం వెనక్కి తీసుకుని వేరే జవాబు పంపండి అన్నాడు.

అర్థం చేసుకోండి. ఆయనకు తిమ్మప్ప లెక్కలోవాడు కాదు. ఇట్లాంటి సంస్థానాలు ఎన్నో ఉన్నాయి. ఒక ఉత్తరం ముక్కతో మనుషుల్ని అప్పగించడం తప్పని ఒక సంస్థానం కాగితం మీద రాసిందంటే, రేపు ఇంకొకటి దాన్ని చూపించి నిలబడుతుంది. యుద్ధం ముంచుకొస్తున్నప్పుడు వాళ్లకు అది కుదరదు. ఒక మనిషిని వదులుకుని, మనుషుల్ని రప్పించుకునే ఆ దావ నిలుపుకోవాలని చూశాడు.

కంప్లికి వెళ్లడం

నేను హొన్నగుడ్డకు తిరిగిపోలేదు. బస్సెక్కి కంప్లి పోయాను. ఆ వాక్యంలో ఉన్నది లింగప్ప పేరు. ఆయన్ను అడిగి తేల్చుకుందామనుకున్నాను.

ఆయన మడి గట్టు మీద నిలబడి నాట్లు చూస్తున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి ఆయన నన్ను ఎప్పుడూ చూడలేదు కదా. ఇంటికి తీసుకుపోయాక హనుమక్క గుర్తుపట్టింది. మంచం వాల్చింది, నీళ్లిచ్చింది. జరిగిందంతా చెప్పాను. లింగప్ప శ్రద్ధగా, పాఠం వింటున్నట్టు విన్నాడు.

"ఆ మాట తీసేస్తే తిమ్మప్ప బతుకుతాడు. అంతేగదప్పా?" అన్నాడు.

"ఈసారికి బతుకుతాడు."

"ఈసారికి అంటాండావు. మల్ల ఇంకొకడొస్తే?"

హనుమక్క గడపలో నిలబడి ఉంది.

"ఏందప్పా, మమ్మల్ని అడిగేకి వచ్చినావు? మేము తీసేయమంటే తీసేసి, వాళ్లే చెప్పినారు అని పండుకుంటావా? ఉంచమంటే ఉంచి, ఆ తిమ్మప్పకు ఏమన్నా అయితే ఆ పాపం మాకు పెడతావా? రాసింది నీవు. ఉంచేదీ తీసేదీ నీవే చూసుకో. మా తలమీద పెట్టి పోవద్దు."

"ఊరుకోవే" అన్నాడు లింగప్ప.

"ఎందుకు ఊరుకోవాల?" అందామె.

నిజమే, ఎందుకు ఊరుకోవాలి? ఒకసారి వాళ్లకు తెలియకుండా వాళ్ల బతుకు నేను తేల్చాను. ఇప్పుడు నేను తేల్చవలసినదాన్ని వాళ్లచేత తేల్పించబోయాను. రెండూ ఒకటే పిరికితనం. సరోజా, నీకు కూడా ఇట్లాంటి రోజు వస్తుంది. దెబ్బ తిన్నవాళ్ల దగ్గరికి పోయి, దాన్ని గౌరవం అనుకుని, నీ బరువు వాళ్లచేత మోయించాలనిపిస్తుంది. ఆ పని చేయకు.

రాజావారి ముందు

రాజావారికి అప్పుడు ఇరవై ఆరేళ్లు. ఏజెంటు అన్నమాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. ఆయన మొదట కోప్పడ్డారు. ఆ కోపం న్యాయమే.

"మీ వాక్యం కోసం నా గద్దె పోగొట్టుకోవాలా సెక్రటరీగారూ? ఆరేళ్లనుంచి కాచుకుని ఉన్నాను. ఒక తహశీల్దారును వేయడానికి కూడా వాళ్లను అడుక్కోవాలి!"

"పోగొట్టుకోవద్దు మహాస్వామీ. ఏజెంటు పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలి. దానికి ఆయనకు ఒక తల కావాలి. నాది ఇవ్వండి."

"ఏమిటి మీరనేది?"

"ఆ వాక్యం సంస్థానానిది కాదు, దురుసుగా ఒక ఉద్యోగి రాసింది, ఆ ఉద్యోగిని తీసేశాము అని చెప్పండి. ఆయన గెలిచినట్టుంటుంది. వాక్యం మాత్రం ఫైలులోనుంచి తీయవద్దు. తిమ్మప్ప విచారణ ఒప్పందం ప్రకారం మన న్యాయస్థానంలో, అందరిముందూ జరగాలి. ఈ రెండూ ఒప్పుకుంటేనే నన్ను తీసేస్తామనండి."

రాజావారు లేచి కిటికీ దగ్గరికి పోయారు. "మీరు పోతే నాకెవరు రాసిపెడతారు?" అన్నారు చివరికి. నా జీవితంలో నాకు దొరికిన పెద్ద మెప్పు అదే. ఏజెంటు కచేరీనుంచి వచ్చిన ఆ మొదటి మెప్పుదల ఉత్తరాన్ని కంప్లినుంచి రాగానే పొయ్యిలో పెట్టాను.

ఏజెంటు ఒప్పుకున్నాడు, రాజావారి అధికారాల సిఫారసుతో సహా. ఒక మనిషిని ఉద్యోగంనుంచి తీసేయడం అంటే వాళ్లకు అర్థమయ్యే విషయం.

తిమ్మప్ప విచారణ ఒక్క పూటలో ముగిసింది. బళ్ళారినుంచి వచ్చిన కానిస్టేబులు, ఆ సభలో ముద్దాయి మాట్లాడిన మాటలను తెలుగులో రాసుకొచ్చి చదివాడు.

"ఇతను మాట్లాడింది ఇదేనా?" అని అడిగాడు న్యాయాధికారి.

"ఇదే సామీ, అక్షరం తప్పు లేదు."

"నాకు తెలుగులో ముక్క చెప్పేకి రాదు సామీ. నేను మాట్లాడింది కన్నడ" అన్నాడు తిమ్మప్ప, కన్నడంలోనే. సభకు పోయివచ్చినవాళ్లు సగం మంది ఆ గదిలోనే ఉన్నారు. అందరూ నవ్వారు. సాక్ష్యం చాలదని న్యాయాధికారి కేసు కొట్టేశాడు. తరువాత ఏజెంటునుంచి రెండు వరుసల ఉత్తరం వచ్చింది. విషయాన్ని ఇంతటితో వదిలేద్దాము. ఇది రెండోసారి.

తిమ్మప్ప గట్టివాడే గానీ నిలకడ లేనివాడు. యుద్ధం మొదలయిన నెలలోనే బళ్ళారికి పోయి మళ్లీ అదే మాట మాట్లాడాడు, ఈసారి తెలుగు కూడా నేర్చుకుని, రెండు భాషల్లోనూ. వారంటు వేసి పట్టుకున్నారు, జైల్లో పెట్టారు. వేళ్లు మాత్రం విరగ్గొట్టలేదు. ఇప్పటికీ ఉన్నాడు, గని కూలీల సంఘాల్లో అందరితోనూ జగడాలాడుతూ. నేను చేసినదానివల్ల యుద్ధం ఆగలేదు, కొండ తవ్వడం ఆగలేదు. అట్లా ఆగుతుందని నేననుకోలేదు కూడా. ఆ సరిహద్దులో ఆ తరువాత వారంటు లేకుండా ఒక్క మనిషిని అప్పగించలేదు. అంతవరకు నాది.

చివరి కాగితం

విచారణ ముగిసిన మర్నాడు నన్ను తీసేసే ఉత్తర్వు తయారుచేయాలి. సంస్థానంలో ఉత్తర్వులు రాసేది నేనే. కాబట్టి అది కూడా నేనే రాశాను. ఏజెంటు కచేరీనుంచి ఒక నమూనా పంపారు: అసమర్థత, దురుసుతనం కారణాలుగా ఉద్యోగంనుంచి తొలగించడమైనది.

రాజావారు అది చదివి కలం కింద పెట్టారు. "ఈ రెండు మాటలూ తీసేయండి. మామూలుగా, సంస్థానం ఇష్టం మేరకు అని రాయండి. వాళ్లు అంతకంటే అడగరు."

"అసమర్థత కొట్టేస్తాను మహాస్వామీ. అది అబద్ధం. మీ సంతకం కింద అబద్ధం ఉండకూడదు."

"మరి రెండోది?"

"ఉండనివ్వండి. దానికోసం ఎనిమిదేళ్లు పట్టింది."

ఆయన నవ్వబోయి నవ్వలేకపోయారు. సంతకం పెట్టారు. నేను అద్దుడు కాగితం అద్ది, తేదీ వేసి, నకలు ఒకటి ఫైలులో పెట్టి, ఒకటి ఏజెంటుకు పంపించి, ఒకటి జేబులో పెట్టుకుని ఇంటికి పోయాను. నా భార్యకు అది చదివి వినిపించాను. ఆమె మొత్తం విని, "మళ్ల ఒకసారి చదువు" అంది.